మైకమ్మ పన్ను కట్టించుకున్న వైనం

ఆ బస్ స్టేషన్లో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. డ్రైవర్లకూ కండక్టర్లకూ, టీకొట్టు ఆయనకూ, ప్లాట్‌ఫారాలు ఊడ్చేవాళ్లకూ, రోజూ వచ్చిపోయే ప్రయాణికులకూ ఆమె మైకమ్మ. మేడ మీద, మూడు వైపులా అద్దాలున్న చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది కదలబోతోందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల, మెడ వంచిన కొంగలా నిలబడే పాత మైకు. అద్దాల అవతల కింద వరసగా ప్లాట్‌ఫారాలు. పెళ్లయిన కొత్తలో ఆ కుర్చీలో కూర్చుంది. తలలో సగం వెంట్రుకలు అక్కడే నెరిశాయి.

గొంతు పెద్దదని ఆమెకు ఆ పని ఇవ్వలేదు. పెద్ద గొంతు వాళ్ల పుట్టింట్లో అందరికీ ఉండేది. ఎనిమిదిమంది పిల్లలున్న ఇంట్లో గొంతు పెంచకపోతే కంచంలోకి ఏదీ వచ్చేది కాదు. ఆమెకు వేరుగా అబ్బింది మాటలోని తేట. చిన్నప్పటి పంతులమ్మ ఒకావిడ పిల్లల్ని అద్దం ముందు నిలబెట్టి, ఏ అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో వేలు పెట్టి చూపించేది. “త, ద, న... నాలిక వెళ్లి పళ్లను పలకరిస్తేనే పుడతాయే ఇవి. అందుకే దంత్యాలన్నారు. పలకరించకుండా పక్కనుంచి పోయావో, అక్షరం అలుగుతుంది” అనేది. మిగతా పిల్లలు నవ్వి మర్చిపోయారు. ఈమె మర్చిపోలేదు.

మైకులో ఆమె ఎప్పుడూ అరిచేది కాదు. “గనుల వైపు వెళ్లే బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది” అని ఆమె అంటే, బెంచీ మీద కునికిపాట్లు పడే గని కార్మికుడు చటుక్కున లేచి కూర్చునేవాడు. పక్క బెంచీ మీద నిద్రపోయే చంటిబిడ్డ మాత్రం కదిలేది కాదు. చదువురాని ముసలివాళ్లు బోర్డుల వైపు చూడనైనా చూడకుండా ఆ గొంతు పట్టుకుని తమ బస్సు దగ్గరికి నడిచిపోయేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరి మంచిలో కాస్త తన నోటి వాటా కూడా ఉందని మైకమ్మ నమ్మకం. గర్వమంటారా? గర్వమే. దాన్ని ఆమె దాచుకున్నదీ లేదు, దానికి సిగ్గుపడిందీ లేదు.

ఒకరోజు పొద్దున టీ తాగి మెట్లవైపు వస్తుంటే, రేవు బస్సు టాపు మీదినుంచి ఒక ఇనప్పెట్టెను తాడు కట్టి దించుతున్నారు. సరిగ్గా దానికిందే ఒక ముసలమ్మ చతికిలబడి మూట ముడి వేసుకుంటోంది. తాడు జారడం మైకమ్మ చూసింది. కేక వేస్తే ఆ ముసలమ్మ తలెత్తి చూస్తుందే తప్ప లేవదని ఆ క్షణంలోనే తోచింది. రెండంగల్లో చేరి ఆమెను భుజాలు పట్టి పక్కకు లాగింది. ముసలమ్మ తప్పించుకుంది. పెట్టె నేలకు కొట్టుకుని ఎగిరి, దాని పిడి వచ్చి మైకమ్మ మూతికి తగిలింది. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు కదా, ఆమెకు రాసిపెట్టి ఉన్నది ఇనప్పెట్టె పిడి.

పై వరసలో ముందుపన్ను చిగురు దాకా విరిగిపోయింది. జనం మూగారు, ఎవరో నీళ్లు తెచ్చారు. ముసలమ్మ ఆమె గడ్డం పట్టుకుని, “నా తల్లీ, నా ప్రాణానికి నీ పన్ను అడ్డం వేశావే” అని ఏడ్చింది. మైకమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మేడ మెట్లెక్కి మైకు ముందు కూర్చుంది. గనుల బస్సు కదిలే వేళ అయింది మరి. నోరు తెరిచింది. “సిద్ధంగా” అనబోతే ఆ మాట ముందు గాలి బుస్సున వచ్చింది. స్పీకర్లన్నిట్లోంచీ పాము బుసకొట్టినట్టు వినిపించింది. బస్సుల రాకపోకలు చూసే కంట్రోలరు పరుగున పైకొచ్చి, ఆమె మొహం చూసి, మైకు తన వైపు తిప్పుకున్నాడు.

ఇంట్లో అత్తగారికి నోట్లో ఉన్నవన్నీ కట్టుడుపళ్లే. పొద్దున్నే గ్లాసులోంచి తీసి పెట్టుకుంటేగాని లోకంతో మాట కలపదు. కోడలి మొహం చూసి ఆవిడ ముందు కళ్లు తుడుచుకుంది, తర్వాత గదమాయించింది. “ఒక్క పన్నుకే ఇంత దిగాలా? నేను మొత్తం పోగొట్టుకుని కూడా నీతో మాటకు మాట గెలుస్తున్నానా, లేదా?”

“మీరు గెలిచేది ఇంట్లో అత్తయ్యా. నేను ఊరందరికీ వినపడాలి” అంది కోడలు. ఆ “వినపడాలి” కూడా సరిగ్గా రాలేదు.

పళ్ల డాక్టరు ఒక నడివయసు ఆవిడ. మార్కెట్ వీధిలో, చెప్పుల కొట్టు పైన ఆవిడ ఆసుపత్రి. ఎక్స్‌రే తీసి చూసి, విరిగినది పైకి కనిపించే పన్ను ఒక్కటే కాదనీ, వేరు కూడా నిలువునా చీలిందనీ చెప్పింది. ఆ వేరును ఓపిగ్గా, చుట్టూ ఉన్న ఎముక చెదరకుండా తీసేసింది. గాయం మానేదాకా పెట్టుకోమని ఒక పన్ను ఇచ్చింది, అంగిలికి ఆనించి పెట్టుకునే గులాబిరంగు రేకుకు అతికించిన పన్ను. అద్దంలో చూస్తే లోటు తెలియలేదు. మైకమ్మ మర్నాడే పనిలోకి వచ్చేసింది.

చూపుకు బాగానే ఉంది, మాటకే వచ్చింది తంటా. అంగిలి నిండా రేకు ఉండటంతో నాలిక ఎక్కడ ఆనాలో దానికే తెలియలేదు. సొంత ఇంట్లో ఎవరో సామాను జరిపేసినట్టు ప్రతి అక్షరం తడబడి అటూ ఇటూ కొట్టుకునేది. ఆమె నెమ్మదిగా, ఒక్కొక్క మాటా పట్టుకుని పలికింది. నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. అయిదో రోజు పట్టణంలోని పెద్దాసుపత్రికి వెళ్లే బస్సు తొమ్మిదో ప్లాట్‌ఫారంలో ఉందని చెప్పింది. ఆమె నోట్లో “తొ” మింగుడుపడి, “మిదో” ఒక్కటే బయటికి వచ్చింది. ఒక ఆడమనిషి, చేతికి కట్టు కట్టుకున్న భర్తను పట్టుకుని, ఎనిమిదో ప్లాట్‌ఫారానికి పరుగెత్తడం మైకమ్మ అద్దంలోంచి చూసింది. “అది కాదు, పక్కది, పక్కది” అని మైకులో మొత్తుకుంది. కంగారులో అది ఇంకా ముద్దగా వచ్చింది. వాళ్లు తప్పు బస్సు మెట్లెక్కి, దిగి, దిక్కులు చూసేలోపు అసలు బస్సు గేటు దాటిపోయింది.

మైకమ్మ మైకు మీట కట్టేసింది. కిందికి దిగి ముందు ఆ ఇద్దరి దగ్గరికి వెళ్లింది. తప్పు తనదేనని చెప్పి, డిపోలో అడిగి వాళ్లను అటువైపు వెళ్లే ఇంకో బండిలో డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి పంపించింది. తర్వాత కంట్రోలరు గదికి వెళ్లింది.

“నన్ను మైకు మీంచి తీసేయండి.”

“అదేంటి మైకమ్మా, ఒక్క పొరపాటుకే? జనం అలవాటు పడతారు.”

“తప్పు మాటకు జనాన్ని అలవాటు చేసే ఉద్యోగం నాకొద్దండీ. నా నోరు బాగుచేసుకుని వస్తాను. అందాకా నా కుర్చీ ఎవరికీ రాసివ్వకండి.”

ఆయన నవ్వలేదు. “మీ కుర్చీ మీదే” అన్నాడు. లగేజీ గుమాస్తాను మైకు ముందు కూర్చోబెట్టి, ఆమెను పోయిన వస్తువుల గదికి పంపాడు.

ఆ సాయంత్రమే ఆమె డాక్టరమ్మ ముందు కూర్చుంది, పక్కన భర్త. ఆయన డిపోలో టైర్ల షెడ్డు మనిషి. రోజంతా మాట్లాడినా మొత్తం మాటలు ఒక గుప్పెట్లో పడతాయి. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి, అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి, వాటిమీద మూడు పళ్లు కలిసిన తొడుగు వంతెనలా బిగించడం. త్వరగా అయిపోతుంది. రెండోది ఇంప్లాంటు. దవడ ఎముకలో వేరుకు బదులు ఒక చిన్న టైటానియం మర దిగేస్తారు. ఎముక దాన్ని పట్టుకుని తనలో కలుపుకోవడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాత దానిమీద పన్ను బిగిస్తారు.

“పక్క పళ్లు రెండూ బాగానే ఉన్నాయా?” అడిగింది మైకమ్మ.

“నిక్షేపంగా ఉన్నాయి.”

“అయితే వాటిని అరగదీయడమెందుకు? దెబ్బ తగిలింది ఒకరికి, శిక్ష పక్కింటివాళ్లకా? రెండోదే చేయండి.”

“ఓపిక పట్టాలమ్మా. ఎముక ఎవరి మాటా వినదు. దాని వీలు చూసుకుని అతుక్కుంటుంది.”

“బస్సుల కోసం ఎదురుచూసేవాళ్లకు ఓపిక పట్టండని ఇన్నేళ్లూ నేనేగా చెప్పాను. ఇప్పుడు నేను పడతాను.”

ఖర్చు మాట వచ్చేసరికి భర్త గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. “నా నోటి సంపాదన, నా నోటికే పెట్టుకుంటా.” ఆయన తలూపి, సవరించుకున్న గొంతును మళ్లీ యథాస్థానంలో పెట్టేసుకున్నాడు.

చిగురు గాయం మానాక, స్కానింగు తీసి ఎముక మందం చూసుకుని, మర దిగేసే రోజు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని పెట్టెలోంచి తీసేముందు చూపించింది. బియ్యపు గింజకు పెద్దన్నయ్యలా ఉంది, ఒంటినిండా సన్నటి మరచుట్లు. గది గుమ్మం దగ్గర నిలబడ్డ భర్త మెడ సాచి చూశాడు. “మరచుట్లు బాగా కోశారు” అన్నాడు. ఆ రోజుకు ఆయన అన్న పెద్ద మాట అదే.

మత్తుసూది వేశాక పై పెదవి ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. నొప్పి లేదు కానీ చప్పుడు ఉంది. ఎముకలో తొలిచే చప్పుడు చెవిలోకి బయటినుంచి రాదు, లోపలినుంచే వస్తుంది. వంతెన పని జరిగేచోట వంతెన కిందే నిలబడ్డట్టు అనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఆమె మనసులో బస్సులన్నిటినీ వరసగా పిలిచింది. గనులు, రేవు, కాలేజీ, పెద్దాసుపత్రి, పాత వంతెన. ఒక్కదాంట్లోనూ అక్షరం తప్పలేదు. అన్నీ బయలుదేరేసరికి డాక్టరమ్మ కుట్లు కూడా వేసేసింది.

“ఇవాళ ఎక్కువ మాట్లాడకండి” అని చెప్పి పంపింది డాక్టరమ్మ. మొత్తం వైద్యంలో కష్టమైన భాగం అదేనని మైకమ్మ తర్వాత చాలామందికి చెప్పింది. అత్తగారు మాత్రం ఆ రోజంతా తన వాదనలన్నీ ఏకధాటిగా గెలిచింది.

పోయిన వస్తువుల గదిలో నెలలు గడిచాయి. గొడుగులు, ఒంటి చెప్పులు, టిఫిన్ డబ్బాలు, ఒక చిలక లేని చిలక పంజరం. ఒకరోజు ఒక కండక్టరు రుమాల్లో చుట్టి ఒక కట్టుడుపళ్ల సెట్టు తెచ్చి బల్లమీద పెట్టాడు. “వెనక సీట్లో దొరికింది మైకమ్మా. ఇంతమంది దిగారు, ఒక్కరూ అడగలేదు.”

“అడగడానికి పళ్లుండాలి కదయ్యా” అంది ఆమె. ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. ఆ సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి, చేత్తో నోరు మూసుకుని, కిటికీ ముందు నిలబడ్డాడు. ఆమె ఏమీ అడగకుండా, ఎవరికీ కనబడకుండా, రుమాలు ఆయన చేతిలో పెట్టింది. ముందైతే ఆమె కూడా ఏదో ఒక చతురు విసిరేది. ఇప్పుడు ఆ చెయ్యి నోటికెందుకు అడ్డం ఉందో ఆమెకు తెలుసు.

మేడమీద లగేజీ గుమాస్తా మైకులో మాట్లాడుతుంటే ఆమెకు పంటికింద రాయి తగిలినట్టుండేది. మంచివాడే, కానీ మూట దించేసినట్టు మాట దించేసేవాడు. ఆమె ఆయన్ని ఒక్కనాడూ ఎద్దేవా చేయలేదు. సాయంత్రాలు మాత్రం వంటింట్లో, రేకు తీసేసి, త, ద, న, స అని గంటలు గంటలు సాధన చేసేది. అత్తగారు అవతలి గదిలోంచి, “స ఇంకా ఈల వేస్తోందే” అని తీర్పు చెప్పేది.

ఎముక ఒప్పుకుంది. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, మరను తట్టి చూసి, “గోడలో రాయిలా కూర్చుంది” అంది. ఇక పన్ను చేయాలి. రంగు చూడటానికి పళ్ల నమూనాల పలక ఒకటి తెచ్చింది.

“తెల్లటిది పెట్టమంటారా? ఇంకో మాట, మీ పాత ఫోటోలు చూస్తే పోయిన పన్ను కొంచెం ఏటవాలుగా ఉండేది. కావాలంటే ఇప్పుడు తిన్నగా చేయిస్తాను. చాలామంది అదే అడుగుతారు.”

“వద్దు డాక్టరమ్మా. రంగు టీ తాగి తాగి పట్టిన రంగే ఉంచండి, మిగతావాటితో కలిసిపోవాలి. వాలు కూడా ఎలా ఉండేదో అలాగే. నా నాలిక ఇన్నేళ్లూ ఆ వాలుతోనే కాపురం చేసింది. ఇప్పుడు కొత్త మొగుణ్ణి తెస్తే ఒప్పుకోదు.”

డాక్టరమ్మ చేతిలో పలక కింద పెట్టి మరీ నవ్వింది.

పన్ను వచ్చిన రోజు సరిచూడటానికి బిగించారు. అద్దం ఇచ్చారు. మైకమ్మ అద్దం పక్కన పెట్టేసింది. “చూడటం కాదు, పలకనివ్వండి” అని కుర్చీలో నిటారుగా కూర్చుని, ఊపిరి తీసుకుని, “గనుల వైపు వెళ్లే బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది” అంది. మైకులో అన్నట్టే అంది. బయటి గదిలో దవడ వాచి కూర్చున్న గని కార్మికుడు ఒకాయన సంచీ భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడట. నర్సు పట్టుకుని కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టబోయింది. మైకమ్మ తల అడ్డంగా ఊపింది. “స దగ్గర ఇంకా సన్నగా ఈల ఉంది. మీకు వినబడదు, స్పీకర్లో వినబడుతుంది.”

డాక్టరమ్మ మళ్లీ పలికించి, కళ్లు మూసుకుని విన్నది. “నిజమే. వెనకవైపు కాస్త మందమైంది” అని పన్ను తీసి, లోపలి అంచును అరగదీసింది. మళ్లీ బిగించి పలికించింది. ఇంకోసారి తీసింది. ఇద్దరు పనిమంతులకు ఒకే అక్షరం మీద పంతం వచ్చినట్టయింది. చివరికి ఈల పోయింది. “స” మంచినీళ్లలా జారింది. అప్పుడు డాక్టరమ్మ ఒక చిన్న రెంచి పెట్టి, పన్నును మరతో కలిపే సీలను ఆఖరి బిగింపు బిగించింది. సరిపడా బిగువు రాగానే ఆ రెంచి తనంతట తానే ఆగుతుందట. గుమ్మం దగ్గరున్న భర్త ఉండబట్టలేక, “మా షెడ్డులో కూడా ఉంది అలాంటిది. నిలువెత్తు ఉంటుంది” అన్నాడు.

“అయితే మన ఇద్దరి పనీ ఒకటేనన్నమాట” అంది డాక్టరమ్మ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

డిపోలో అందరూ, “ఏం మైకమ్మా, పన్ను కట్టేశారా?” అని అడగడం మొదలుపెట్టారు. “సర్కారుకు ఏటా కడతాను. ఇది మాత్రం ఒక్కసారి కడితే చాలట, శుభ్రంగా తోముకుంటే” అని ఆమె అందరికీ నవ్వు చూపించింది.

మళ్లీ మైకు ముందు కూర్చున్న పొద్దున లగేజీ గుమాస్తాయే ఆమె కుర్చీ తుడిచి పెట్టాడు. “అమ్మయ్య, నా మూటల దగ్గరికి నన్ను పోనివ్వండి” అని దండం పెట్టాడు. ఆమె మీట వేసింది. మొదటి బస్సు కాలేజీది. ఆ మాటలు స్పీకర్లలో వెళ్లగానే టీకొట్టు ఆయన గరిటె పట్టుకుని పైకి చూశాడు. ఊడ్చే ఆవిడ చీపురు ఆపింది. గేటు దాటుతున్న డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. రెండో బస్సు వేళ అప్పుడే అయింది, మైకమ్మ దాన్నీ పిలిచింది.

ఆమె నోటికి అసలు పరీక్ష ఆ వానాకాలంలో వచ్చింది. రాత్రంతా కురిసిన వానకు ఏరు పొంగి, తెల్లారేసరికి పాత వంతెన మూసేశారు. సగం బస్సులు నిలిచిపోయాయి. స్టేషన్ నిండా జనం, తడిసిన మూటలు, ఏడ్చే పిల్లలు. వంతెన కూలిందని ఒకరు, బస్సు కొట్టుకుపోయిందని ఇంకొకరు. పుకారుకు పళ్లక్కర్లేదు కదా, ఎంత దూరమైనా పోతుంది. జనం గేటువైపు తోసుకోవడం మొదలైంది.

మైకమ్మ మీట వేసింది. “వంతెన కూలలేదు. నీళ్లు తగ్గేదాకా మూశారు. ఏ బస్సుకూ ప్రమాదం జరగలేదు. ఎవరూ పరుగెత్తకండి. ఏ సంగతి తెలిసినా ముందు మీకే చెబుతాను.” ఒక్క అక్షరం తొణకలేదు. కింద తోపులాట సద్దుమణిగింది. ఒకాయన ఎత్తిన మూట మళ్లీ కింద పెట్టాడు. తర్వాత ఆమె కాసేపటికోసారి మాట్లాడుతూనే ఉంది. కొత్త సంగతి ఉంటే చెప్పింది, లేకపోతే లేదని చెప్పింది. చుట్టుదారిన వెళ్లే బండ్లను ఒక్కొక్కటిగా పిలిచి, ముందు రోగులను, పిల్లలతల్లులను ఎక్కించమంది. ఎక్కించారు. కంట్రోలరు పైకి వచ్చి, ఏమైనా సాయం కావాలా అని అడగబోయి, ఆమె మాట్లాడటం విని, గ్లాసుతో నీళ్లు మాత్రం పెట్టి దిగిపోయాడు. సాయంత్రం వంతెన తెరిచారు. ఆఖరి బస్సును పంపి, మీట కట్టేసి, ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

ఆ రోజు షెడ్డులో జరిగిన ముచ్చట ఒక మెకానిక్ చెబితేనే ఆమెకు తెలిసింది. వేరే డిపో నుంచి వచ్చి వానలో చిక్కుకున్న డ్రైవరు ఒకాయన స్పీకరు కింద నిలబడి, “ఎవరండీ ఈవిడ? ఇంత గందరగోళంలో ఎంత తాపీగా, ఎంత శుభ్రంగా మాట్లాడుతోంది!” అన్నాడట. టైరు బిగిస్తున్న ఆమె భర్త పని ఆపి, లేచి నిలబడి, షెడ్డు షెడ్డంతా వినబడేలా, “మా ఆవిడ” అన్నాడట. పొద్దుటినుంచి అప్పటిదాకా ఆయన మాట్లాడిన మాట అదొక్కటేనట.

ఇంటికి నడుస్తూ ఆమె అడిగింది. “ఏమండీ, షెడ్డులో ఏదో అన్నారట?”

“ఉన్నమాటే అన్నాను” అన్నాడాయన, గొడుగు ఆమె వైపు ఇంకాస్త వంచి.